గోపాల్‌పూర్ ఒడ్డున ఇంటివాళ్ళ హోటల్లో చేపల భోజనం ఎలా చేయాలి

మాది బరంపురం. రైలు టికెట్ మీద బ్రహ్మపూర్ అని ఉంటుంది గానీ మా వీధిలో అందరికీ అది బరంపురమే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రం అయ్యేదాకా ఈ గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుకే ఇక్కడ బజారులోనూ, బస్సులోనూ, సముద్రపు ఒడ్డునా ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. గోపాల్‌పూర్ మాకు పదహారు కిలోమీటర్లు. విశాఖపట్నం నుంచీ శ్రీకాకుళం నుంచీ చుట్టాలు ఎవరొచ్చినా మొదటి రోజే అడిగేది ఒకటే: సముద్రం దగ్గర చేపల భోజనం ఎక్కడ బాగుంటుంది?

వాళ్ళను పంపిస్తాను. సగం మంది తృప్తిగా వస్తారు, సగం మంది "ఏముంది, మామూలుగానే ఉంది" అంటూ వస్తారు. ఇద్దరూ తిన్నది ఒకే హోటల్లో, ఒకే ఆవిడ చేతి వంట. తేడా ఎక్కడ వచ్చిందో చాలాసార్లు ఆరా తీశాను. బాగాలేదన్నవాళ్ళు టౌన్ హోటల్‌కి వెళ్ళినట్టే వెళ్ళారు. కూర్చున్నారు, బోర్డు చూశారు, ఆర్డర్ ఇచ్చారు, పావుగంటలో రాలేదని విసుక్కున్నారు, వచ్చింది తిని లేచారు. ఇంటివాళ్ళ హోటల్లో బోర్డు మీద ఉన్నదానికీ వంటింట్లో ఉన్నదానికీ పెద్దగా సంబంధం ఉండదు. పొద్దున పడవలో ఏం వచ్చిందో అదే అసలు మెనూ. అది అడిగి తెలుసుకున్నవాళ్ళకే మంచి భోజనం దొరుకుతుంది.

ఇంటివాళ్ళ హోటల్ అని నేను అంటున్నది ముందు వసారాలో నాలుగు బల్లలు, వెనక అదే కుటుంబం ఉండే ఇల్లు అన్నట్టుండే వాటిని. ఆ ఇంటాయనో, ఆయన తమ్ముడో చేపల వేటకు వెళ్తారు, లేదా ఒడ్డునే వేలంలో కొంటారు. ఆవిడ వండుతుంది. కొడుకో కోడలో వడ్డిస్తారు. గంజాం తీరంలో ఇలాంటి కుటుంబాలు చాలావరకు తెలుగు మాట్లాడే వాడబలిజలు, జాలారులు. ఒడియావాళ్ళు వీళ్ళను నోలియాలు అంటారు.

ముందు క్యాలెండర్ చూడండి

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మోటారు పడవలు, బోట్లు సముద్రంలోకి వెళ్ళవు. మోటారు లేని నాటు తెప్పలు వెళ్తాయి గానీ వాటికి దొరికేది కొంచెమే. సరిగ్గా మన పిల్లల వేసవి సెలవులు కూడా అప్పుడే. ఆ రెండు నెలల్లో వస్తే పెద్ద కోనాం (వంజరం), పెద్ద చందువ కోసం పట్టుబట్టకండి. అప్పుడు బల్ల మీదికి వచ్చే పెద్ద సముద్రపు చేప చాలావరకు ఐసులో దాచిందే అయి ఉంటుంది. దానికంటే చిలికా సరస్సు నుంచి వచ్చే రొయ్యలు, పీతలు అడగడం మేలు. చిలికా దక్షిణపు కొస రంభ మా జిల్లాలోనే ఉంది. 2000లో సరస్సుకు సముద్రం వైపు కొత్త ముఖద్వారం తవ్వాక అక్కడ చేప, రొయ్య, పీత మళ్ళీ బాగా పెరిగాయి.

ఇంకో నిషేధం కూడా ఉంది, అది బయటివాళ్ళకు తెలియదు. గోపాల్‌పూర్‌కు ఉత్తరాన రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఆలివ్ రిడ్లే తాబేళ్ళు లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయి. వాటి కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ ముఖద్వారం చుట్టుపక్కల మోటారు పడవల వేట ఆపేస్తారు. కాబట్టి చలికాలంలో "ఈ వారం ఏమీ లేదమ్మా" అని ఆవిడ అంటే మిమ్మల్ని తప్పించుకోవడానికి అంటోందని అనుకోకండి.

పూజా దినాలు కూడా చూసుకోవాలి. ఒడియా ఇళ్ళల్లో సోమ, గురువారాల్లో చాలామంది నీచు ముట్టరు. కార్తీకం అయితే నెలంతా మానేసేవాళ్ళున్నారు. ఇక్కడ మనవాళ్ళు పొరబడే విషయం ఒకటుంది. మన కార్తీకం దీపావళి అమావాస్య మర్నాడు మొదలవుతుంది. ఒడియావాళ్ళది అంతకు పదిహేను రోజుల ముందు, కుమార పూర్ణిమ దాటగానే మొదలవుతుంది. రెండూ ముగిసేలోపు వచ్చేది మాత్రం ఒకే కార్తీక పూర్ణిమ. ఆ పూర్ణిమతో ముగిసే అయిదు రోజులను పంచుక అంటారు. ఆ అయిదు రోజులు కొంగ కూడా చేపను ముట్టదని ఇక్కడి మాట. ఆ రోజుల్లో చిన్న హోటళ్ళలో గిరాకీ ఉండదు కాబట్టి సరుకూ తక్కువే తెస్తారు. పూర్ణిమ మర్నాడు ఛాడఖాయి. నెలరోజులు ఆగినవాళ్ళంతా ఆ రోజే చేప, మాంసం కొంటారు. రేటు పెరుగుతుంది, బల్ల దొరకదు. ఆ రోజు తప్పించండి.

దసరా సెలవుల్లో బెంగాల్ నుంచి జనం బాగా వస్తారు. అప్పుడు వెళ్ళాలంటే ఆదివారం కాకుండా మామూలు రోజు చూసుకోండి.

పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి

నా సలహా ఇది: భోజనం ఒంటిగంటకైనా, ఒడ్డుకు మాత్రం పొద్దున్నే వెళ్ళండి. తెల్లవారుజామున వెళ్ళిన పడవలు మామూలుగా ఎనిమిది, పది మధ్య తిరిగొస్తాయి. పిల్లలు ఇసుకలో ఆడుకుంటారు, మీరు వలలోంచి చేపలు విదిలించడం చూస్తారు. ఆ తర్వాత హోటల్ దగ్గరికి నడిచి వెళ్ళి, ఇంతమందిమి వస్తాం, ఇన్ని గంటలకు అని చెప్పేయండి. నలుగురికి మించితే ఇలా చెప్పడం తప్పనిసరి. ఆవిడ దగ్గర పొయ్యిలు రెండే ఉంటాయి. పదకొండు మంది ఒక్కసారి చెప్పకుండా దిగితే, ఐసుపెట్టె అడుగున ఉన్నది కూడా పైకి తీయాల్సి వస్తుంది. అప్పుడు ఆవిడను ఏమీ అనడానికి లేదు.

పొద్దున వెళ్ళే వీలు లేకపోతే ముందు రోజు సాయంత్రం ఫోన్ చేయండి. ఫోన్లో "ఏముంటాయి" అని అడగకండి, రేపటి వలలో ఏం పడుతుందో ఎవరికీ తెలియదు. "రేపు ఒంటిగంటకు ఆరుగురం వస్తాం, పడినవాటిలో మంచిది ఉంచండి, పిల్లలకు ముళ్ళు లేనిది ఒకటి చూడండి" అనండి. ఆ ఒక్క మాటతో మీరు ఆవిడకు ఇంటికొచ్చే చుట్టాల్లా అయిపోతారు.

కూర్చునే ముందు వంటింటి గుమ్మం దగ్గరికి

ఇదే అసలు మెట్టు. కుర్చీ లాక్కోకముందే లోపలికి తొంగి చూసి పలకరించండి. తెలుగులోనే పలకరించండి. పెద్దావిడైతే అమ్మా, పెద్దమ్మా. మీ ఈడుదైతే అక్కా, వదినా. వడ్డించే కుర్రాడు ఒడియావాడైతే భాయి అనండి. "ఆజి కి మాఛ అఛి?" అంటే ఈ రోజు ఏ చేప ఉందని. టట్కా అంటే తాజాది. రొయ్య చింగుడి, పీత కంకడా, మన ఇలస వాళ్ళకు ఇలిశి, పండుగప్ప భేక్టి. కారం తక్కువ కావాలంటే "రాగ కమ్" అంటే చాలు. ఈ నాలుగు మాటలూ వస్తే పని జరిగిపోతుంది.

మొన్న డిసెంబరులో నేను వెళ్ళినప్పటి మాటలు ఇవి.

"ఏటి పెద్దమ్మా, ఇయాల ఏటి పడ్డాయి?"

"కవళ్ళు బాగా పడ్డాయి బాబూ. కానాగంతలు కొన్నున్నాయి. కోనాం ఉన్నాది గానీ నిన్నటిది, ఐసులో ఉంది."

ఇలా తనంతట తనే "నిన్నటిది" అని చెప్పే మనిషి దొరికితే ఆ హోటల్ వదలకండి. ఆ రోజు కోనాం మర్చిపోయి కవళ్ళే (సార్డిన్ చేపలు) తిన్నాం. బయటివాళ్ళు చిన్నచూపు చూసే చేప అది, చవక కాబట్టి. కానీ పొద్దున పడిన కవళ్ళు మధ్యాహ్నానికి పులుసైతే, నాకు మూడు రోజుల కోనాం వేపుడు దాని ముందు నిలవదు.

ఈ గుమ్మం దగ్గరే ఇంకో రెండు విషయాలు చెప్పేయండి. మీలో ఎవరికైనా రొయ్య, పీత పడకపోతే గట్టిగా చెప్పండి, "కొంచెం పడదు" అని నసగొద్దు. ఇలాంటి చోట రొయ్యలు వేపిన మూకుడులోనే, అదే నూనెలో చేప కూడా వేపుతారు. వేరే మూకుడు, కొత్త నూనె కావాలని అడగండి. అలర్జీ తీవ్రంగా ఉండేవాళ్ళయితే ఆ వంటింట్లో తినకపోవడమే మంచిది. మీతో శాకాహారులు ఉంటే అదీ ముందే చెప్పండి. టమాటా పప్పో, ఒడియావాళ్ళు కూరగాయలు వేసి చేసే పప్పు దాల్మానో విడిగా చేసి పెడతారు. ఆఖరి నిమిషంలో చెబితే వాళ్ళకు మిగిలేది అన్నం, అప్పడం.

చేపను మీ కళ్ళతో చూడండి

చూపించమంటే ఏమనుకుంటారో అని మొహమాటపడతారు మనవాళ్ళు. జాలారి ఇంట్లో చేపను చూడకుండా కొనేవాడే వింత మనిషి. చూడమని ఐసుపెట్టె వాళ్ళే తెరుస్తారు.

కన్ను ఉబ్బెత్తుగా, తేటగా ఉండాలి. లోపలికి పోయి పాలు కలిపినట్టు మసకబారితే పాతది. మొప్ప రెక్క వేలితో ఎత్తి చూడండి: ఎర్రగా, తడిగా ఉంటే మంచిది, ఇటుకరంగుకో గోధుమరంగుకో తిరిగి జిగటగా ఉంటే వద్దు. పొట్ట దగ్గర వేలితో నొక్కి వదిలితే గుంట పూడిపోవాలి. వాసన సముద్రపు నీటి వాసనలా ఉండాలి. మందు వాసన, పుల్లటి వాసన వస్తే నోరు తెరవకుండా పక్కకు వచ్చేయండి. ముక్కలు కోసి ఉంచిన చేపకు ఈ పరీక్షలు ఏవీ పనిచేయవు, కాబట్టి తలతో ఉన్నదే అడగండి.

రొయ్యకు తల, ఒళ్ళు అతుక్కునే చోట చూడాలి. తల వేలాడుతుంటే, నల్లబడితే పాతది. పీత మాత్రం బతికి ఉండాలి. చచ్చిన పీత అరగంట క్రితమే చచ్చిందని చెప్పినా తీసుకోవద్దు, అది చాలా త్వరగా పాడవుతుంది. చేతిలోకి తీసుకుంటే సైజుకు తగ్గ బరువు ఉండాలి. కడుపు కింద పెంకు బొటనవేలితో నొక్కితే లొత్తపడకూడదు. కింద మూత సన్నగా కోసుగా ఉంటే మగది, వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది. కండ కోసమైతే మగదాని పెద్ద డెక్కలు బాగుంటాయి. పౌర్ణమి పీత డొల్ల, అమావాస్య పీత నిండు అని మా వైపు జాలారులు అంటారు. నేను తేదీ కంటే బరువే నమ్ముతాను.

సూర (ట్యూనా), కానాగంతల (మాకరెల్) విషయంలో మాత్రం ఇంకొంచెం జాగ్రత్త. ఈ జాతి చేపలను పట్టగానే ఐసులో పెట్టకపోతే వాటి కండలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. ఎంత వేపినా, ఎంత ఉడికించినా అది పోదు. కొన్నేళ్ళ క్రితం వేరే ఊరి ఒడ్డున ఒక పాకలో మా బావమరిది సూర వేపుడు తిన్నాడు. మొదటి ముక్కకే "నాలుక మీద మిరియం నమిలినట్టు చురచురలాడుతోంది" అన్నాడు. మసాలా అనుకున్నాం. అరగంటలో మొహం, మెడ ఎర్రగా కందిపోయి, తలనొప్పి, గుండె దడ. ఆ మధ్యాహ్నం ఎంత టెన్షన్ పడ్డామో చెప్పలేను. డాక్టరు అలర్జీ మందు ఇచ్చాక సాయంత్రానికి తగ్గింది. ఇది ఒంట్లో ఉన్న అలర్జీ కాదని, చేపను ఎండలో వదిలేయడం వల్ల వచ్చిందని ఆయనే చెప్పారు. నాలుకకు చురుకు తగిలితే ఆ ముక్క అక్కడే వదిలేయండి. డబ్బులిచ్చాం కదా అని పూర్తి చేయకండి.

తూకం, రేటు

చాలాచోట్ల చేపను కిలో లెక్కన అమ్మి, వండిపెట్టినందుకు విడిగా తీసుకుంటారు. కొన్నిచోట్ల ప్లేటు లెక్క. ఏదైనా సరే, మూడు ప్రశ్నలు మూకుడు పొయ్యెక్కకముందే అడగాలి. తూకం కడగకముందా, కడిగాకా? వంట కూలి అందులో కలిసిందా, విడిగానా? అన్నం, పులుసు రెండోసారి వేస్తే మళ్ళీ డబ్బులా?

మొదటి ప్రశ్న ముఖ్యం. రొయ్యకు తల, పెంకు తీస్తే దాదాపు సగం బరువు పోతుంది. అది మోసం కాదు, రొయ్య తీరే అంత. కానీ కిలో రొయ్యలు చెప్పి కిలో కండ వస్తుందనుకుంటే బల్ల దగ్గర మాటా మాటా పెరుగుతుంది. కాటా మీద పెట్టినప్పుడు పక్కన నిలబడి చూడండి, అంకె పైకి చదవండి, ఇద్దరూ ఒప్పుకున్నాకే కత్తి పెట్టమనండి. పెద్దవాళ్ళు ఇద్దరికి అన్నంతో పాటు ముప్పావు కిలో చేప చాలు. పీతలైతే కిలో.

బేరం ఆడొచ్చు, ఆడకూడదని ఎవరూ అనరు. కానీ చిన్న పడవ మీద తెల్లవారకముందే సముద్రంలోకి వెళ్ళొచ్చిన మనిషి దగ్గర, యాభై రూపాయల కోసం పావుగంట వాదించడం నాకు మనసొప్పదు. రేటు మరీ ఎక్కువనిపిస్తే ఇంకో చేప అడగండి. వాళ్ళే చవకది చూపిస్తారు.

ఏది ఎలా వండించుకోవాలి

ఏ చేపనైనా వేపుడే అడిగే అలవాటు టూరిస్టులది. దానివల్ల మంచి చేపలు ఎన్నో నూనెలో పోతున్నాయి. చందువ, కోనాం, పండుగప్ప వేపుడికి బాగుంటాయి. కవళ్ళు, కానాగంతలు పులుసుకే. నెత్తళ్ళు కరకరలాడేలా వేపి, అన్నంలో నంజుకోవాలి. పీతలు ఇగురు. చిన్న రొయ్యలు వంకాయతోనో, మామిడికాయతోనో వండగలరా అని అడగండి. టైగర్ రొయ్యలకు ఉప్పు, పసుపు, కారం, వెల్లుల్లి తప్ప ఇంకేమీ వద్దు. బోర్డు మీద చిల్లీ, మంచూరియా అని ఉంటాయి. అవి బరంపురంలోనూ దొరుకుతాయి, మీ ఊళ్ళోనూ దొరుకుతాయి. ఇక్కడిదాకా వచ్చి అవి తినకండి.

ఒడియా పద్ధతి ఒకటి తప్పకుండా రుచి చూడండి, బెసర అంటారు. ఆవాలు, వెల్లుల్లి నూరి ఆ ముద్దతో చేసే పల్చటి కూర. మన ఆవకాయ ఘాటు తెలిసిన నాలుకకు అది కొత్తగానూ ఉంటుంది, తెలిసినట్టూ ఉంటుంది. వేసవిలో వెళ్తే పఖాళ అడగండి. అది మన చద్దన్నమే, పక్కన వేపిన చిన్న చేప, పచ్చిమిర్చి, ఉల్లిపాయ. ఎండలో తిరిగొచ్చిన కడుపుకు అంతకు మించింది లేదు.

తర్వాత ఆగండి

ముప్పావు గంట పడుతుందని ముందే అనుకోండి. ఆ ముప్పావు గంటలో బల్ల దగ్గర ఫోన్ చూస్తూ కూర్చోకుండా, ఆవిడ అభ్యంతరం లేదంటే పెరట్లోకి వెళ్ళి చూడండి.

నేను చూసిన ఆ పెద్దమ్మ కత్తిపీట మీద కాలు వేసి కూర్చుంది. పక్కన పిడికెడు బూడిద. జారకుండా చేతికి బూడిద రాసుకుని కవళ్ళను ఒక్కొక్కటీ తోక దగ్గర పట్టుకుని కత్తికి ఎదురుగా లాగింది. పొలుసు ఎగిరి ఆవిడ ముంజేతికి, చీర అంచుకు అతుక్కుని ఎండలో మెరిసింది. తల పక్కన చిన్న గాటు, లోపలిది ఒక్క లాగుడుతో బయటకు, రాళ్ళుప్పు వేసి రుద్ది మూడు నీళ్ళు పోసింది. పులుసు మట్టి దాకలో. చింతపండు పులుసు మరిగి నూనె తేలాకే చేపలు వదిలింది. అప్పటినుంచి గరిటె పెట్టలేదు. దాకను రెండు గుడ్డలతో రెండు వైపులా పట్టుకుని, మెల్లిగా గుండ్రంగా తిప్పింది అంతే. "గరిటెడితే ముక్క ఇరిగిపోద్ది బాబూ, ఇరిగిన పులుసు ముల్లు పులుసే" అంది. దించాక కూడా వెంటనే వడ్డించలేదు, పావుగంట మూత పెట్టి ఉంచింది. ఆ పావుగంట తొందరపెట్టకండి. పులుపు ముక్కలోకి దిగేది అప్పుడే.

ఈలోపు పిల్లలకు ఆకలి వేస్తుంది. బిస్కెట్లు, అరటిపళ్ళు దగ్గర పెట్టుకోండి. మంచినీళ్ళు మీవి తెచ్చుకోండి, లేదా సీలు ఉన్న బాటిల్ కొనండి. ఆగే సమయం కదా అని స్నానానికి సముద్రంలోకి మాత్రం దిగొద్దు. గోపాల్‌పూర్ అలలు ఒడ్డు దగ్గరే బలంగా విరుగుతాయి, వెనక్కి లాగే నీరు ఇంకా బలం. తడవాలనుంటే మోకాలి లోతు దాటకండి.

తినేటప్పుడు

చేత్తో తినండి. ముల్లు నోటికంటే ముందు వేలికి తెలుస్తుంది. కవళ్ళకు నడుము మీద బొటనవేలితో నొక్కి, తల వైపు నుంచి తోక దాకా వెన్నుముల్లు ఒక్కసారి ఎత్తేస్తే రెండు పాయలుగా వస్తుంది. పొట్టవైపు సన్న ముళ్ళు విడిగా ఏరుకోవాలి. ఇలస అయితే ప్రతి ముద్దకూ ముళ్ళే, మాటలు ఆపి తినాల్సిన చేప అది. చిన్నపిల్లలకు, పళ్ళు కట్టించుకున్న పెద్దవాళ్ళకు ఇలస పెట్టకండి. వాళ్ళకు చందువ మంచిది, నడుమ ఒక్క ముల్లు తీస్తే మిగతాదంతా కండే.

గొంతులో ముల్లు దిగితే అన్నం ముద్ద మింగమని పక్కవాళ్ళు చెబుతారు. దానివల్ల ముల్లు ఇంకా లోతుకు దిగే ప్రమాదం ఉంది. రెండుసార్లు దగ్గి చూడండి. పోకపోతే, మింగితే నొప్పి ఉంటే, బరంపురం వచ్చేయండి. ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, అరగంట దారి.

పీతకు డెక్కలు ముందు విరవండి, చిన్న రోకలిబండో రాయో అడిగి ఒక్క దెబ్బ మాత్రమే కొట్టండి. రెండో దెబ్బకు పెంకు ముక్కలు కండలో కలిసిపోతాయి. ఇగురు చల్లారేలోపు నడుము భాగం పీల్చేయండి, డెక్కలు ఆఖర్న తిన్నా రుచి పోదు.

ఒక వంటకం బాగాలేకపోతే, తింటుండగానే ఆవిడను పిలిచి మెల్లిగా చెప్పండి. ఉప్పు తగ్గినా, ముక్క ఉడక్కపోయినా అప్పుడే సరిచేస్తారు. తిని లేచాక పెద్ద గొంతుతో చెబితే ఎవరికీ ఉపయోగం లేదు. బాగుంటే అది కూడా వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి ఆవిడతోనే చెప్పండి. డబ్బు తీసుకునే కొడుకుతో చెబితే లోపలికి చేరదు.

బిల్లు

నోట్లు కొన్ని దగ్గర ఉంచుకోండి. ఫోన్‌పే బోర్డు ఉంటుంది గానీ సెలవు రోజు మధ్యాహ్నం ఒడ్డున నెట్‌వర్క్ మొండికేస్తుంది. కాటా మీద మీరు చదివిన అంకె, ముందు అనుకున్న రేటు, వంట కూలి కలిపి చూసుకోండి. ఇలాంటి చిన్న హోటళ్ళు చాలావరకు చీటీ మీద కూడి ఇస్తాయి. జీఎస్టీ విడిగా వేస్తే బిల్లు మీద ఆ నంబరు ఉండాలి. కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవాళ్ళు కస్టమర్ దగ్గర పన్ను విడిగా తీసుకోకూడదు. వడ్డించిన కుర్రాడికి ఇవ్వాలనుకున్నది అతని చేతికే ఇవ్వండి.

వెళ్ళేముందు ఎండు చేపలు

ఇంటికి పట్టుకెళ్ళడానికి ఒడియావాళ్ళు శుఖువా అనే ఎండు చేపలు దొరుకుతాయి. వంటావిడనే అడగండి, ఎవరి దగ్గర కొనాలో ఆవిడకు తెలుసు. ఇసుక మీద ఆరబోసినవి కాకుండా, వల మీదో పందిరి మీదో ఆరబెట్టినవి అడగండి. ఒకటి తీసి తెల్లకాగితం మీద తట్టి చూస్తే ఇసుక రాలుతుందో లేదో తెలిసిపోతుంది. వంచితే పుటుక్కున విరగాలి, మెత్తగా వంగితే ఇంకా తేమ ఉంది, దారిలోనే బూజు పడుతుంది. నెత్తళ్ళు, చిన్న రొయ్యలు మోయడానికి తేలిక, వండటానికీ తేలిక. రైల్లో వెళ్ళేవాళ్ళు రెండు పొరలు న్యూస్‌పేపర్‌లో చుట్టి, బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టండి. ప్లాస్టిక్ కవరు ఒక్కటే అయితే పలాస దాటేలోపు బోగీ అంతా వాసన వస్తుంది. ఇంటికి చేరాక ఒక పూట ఎండలో పెట్టి అప్పుడు డబ్బాలో పోసుకోండి.